మేమా, మనమా? – పండుగ వీడియోల వాకిట బొమ్మల దుకాణపు గుర్తు

వ్యాససంగ్రహం

క్రిస్మస్ సందర్భంగా తీసిన అమెరికన్ బాలల చిత్రాలు మొదట టెలివిజన్ ద్వారా, ఆపైన వీడియో క్యాసెట్ల ద్వారా ఇళ్లలోకి ప్రవేశించాయి. వాటి వెంట వ్యాపార సంస్థల కదిలే గుర్తులూ ప్రవేశించాయి. సాహిత్య, చలనచిత్ర విమర్శ ఈ గుర్తులను పాఠ్యానికి బయటివిగా పరిగణించి వదిలివేస్తూ వచ్చింది. అవి పాఠ్యంలో భాగమేనని, పసివయసు ప్రేక్షకుడికి సంబంధించినంతవరకు పాఠ్యం అక్కడే మొదలవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు 'టాయ్స్ ఆర్ అస్' అనే బొమ్మల దుకాణాల సంస్థ గుర్తును, 'రుడాల్ఫ్ ది రెడ్ నోస్డ్ రెయిన్‌డీర్' (1964), 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' (1965) అనే రెండు పండుగ చిత్రాలను ఆధారంగా తీసుకుంటుంది. తెలుగు ప్రబంధాలలోని కృతిపతి సంప్రదాయాన్ని పోలికకు పరికరంగా వాడుకుంటుంది.

కీలకపదాలు: వ్యాపార చిహ్నం, బాలల చిత్రం, పరిసరపాఠ్యం, అవతారిక, కృతిపతి, వీడియో క్యాసెట్, పాఠపరిష్కరణ.

1. ప్రవేశిక

గ్రంథానికి పేరు, అట్ట, అంకితం, పీఠిక మొదలైనవి పాఠ్యానికి గడపల వంటివని ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1987లో వివరించాడు. వీటిని 'పరిసరపాఠ్యం' అనవచ్చు. పాఠకుడు ఆ గడప దాటే లోపలికి వస్తాడు కనుక లోపల ఏం చూడాలో, ఎలా చూడాలో గడపే కొంత నిర్ణయిస్తుంది. జొనాథన్ గ్రే 2010లో ఈ ఆలోచనను టెలివిజన్‌కు, సినిమాకు విస్తరింపజేసి, ప్రచారచిత్రాలు, బొమ్మలు, ప్రకటనలు కూడా అర్థాన్ని నిర్మిస్తాయని చూపాడు.

పండుగ చిత్రాల విషయంలో ఈ పరిశీలనకు ప్రత్యేకమైన అవసరం ఉంది. ఇవి ఏటా ఒకే రోజుల్లో, ఒకే ఇంట్లో, మళ్లీ మళ్లీ చూసే చిత్రాలు. క్యాసెట్ పెట్టగానే వచ్చే గుర్తు, దాని సంగీతం, ఆ గుర్తు కదిలే తీరు పిల్లలకు కథ మొదలవుతోందన్న సంకేతం. పెద్దలు దాన్ని ముందుకు నడిపించేస్తారు. పిల్లలు దాని కోసం ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపులో ఆనందం ఉంది. ఆ ఆనందాన్ని తక్కువ చేయకుండానే, దాన్ని ఎవరు, దేనికోసం వినియోగించుకున్నారో పరిశీలించడం విమర్శ చేయవలసిన పని.

2. గుర్తులోని వ్యాకరణం

చార్లెస్ లాజరస్ 1948లో వాషింగ్టన్ నగరంలో పసిపిల్లల సామగ్రి అమ్మే దుకాణం తెరిచాడు. కొనడానికి వచ్చినవారు బొమ్మలు కూడా అడగడంతో క్రమంగా బొమ్మల వ్యాపారానికి మళ్లాడు. 1957లో మేరీలాండ్ రాష్ట్రంలోని రాక్‌విల్‌లో కేవలం బొమ్మలకోసమే తెరిచిన దుకాణానికి 'టాయ్స్ ఆర్ అస్' అని పేరు పెట్టాడు. సూపర్ మార్కెట్ పద్ధతిలో ఎత్తైన అరలు, కొనేవారే తీసుకునే సరుకు, తక్కువ ధరలు ఆ దుకాణాల లక్షణాలు.

ఆ పేరులో 'ఆర్' అనేది క్రియాపదం. గుర్తులో దానికి బదులు అదే ఉచ్చారణ గల ఒక్క ఇంగ్లీషు అక్షరాన్ని రాసి, ఆ అక్షరాన్ని కుడి ఎడమలు తారుమారయ్యేలా తిప్పి ఉంచారు. అయిదారేళ్ల పిల్లలు అక్షరాలను అద్దంలో ప్రతిబింబంలా తిప్పి రాయడం సహజం. అందువల్ల దుకాణం పేరును ఓ పసివాడే రాసినట్లు చూసేవారికి తోస్తుంది. అక్కడ రెండు తప్పులు ఉన్నాయి: ఒకటి వర్ణక్రమంలో, మరొకటి అక్షరరూపంలో. రెండూ పిల్లలు చేసేవే. కాని చేసినవారు పిల్లలు కారు. పసివాడు ఏడాది రెండేళ్లలో ఆ తప్పును దిద్దుకుని ముందుకు పోతాడు. గుర్తు మాత్రం దశాబ్దాలపాటు ఆ తప్పును దిద్దుకోకుండా కాపాడుకుంది. 2007లో రూపం మార్చినప్పుడు ఆ అక్షరంలో నక్షత్రం చేరిందే తప్ప అక్షరం సరిగా తిరగలేదు. పిల్లల తప్పు ఇక్కడ ఎదుగుదలలో ఒక దశ కాదు, సంస్థ ఆస్తి.

ఈ పేరును తెలుగులోకి తేవాలని ప్రయత్నిస్తే మరో విషయం బయటపడుతుంది. 'బొమ్మలంటే మేమే' అన్నప్పుడు తెలుగు వాక్యంలో క్రియ ఉండదు. తిప్పి రాయడానికి అక్కడ అక్షరమే లేదు. అంతకన్నా ముఖ్యమైనది సర్వనామం. ఇంగ్లీషులో 'అస్' అనే ఒకే రూపం ఉంది. తెలుగు మాట్లాడేవారు మాత్రం వినేవారిని కలుపుకుంటే 'మనం' అనీ, కలుపుకోకపోతే 'మేము' అనీ తప్పనిసరిగా ఎంచుకోవాలి. దుకాణం తన గురించి చెప్పుకుంటే అది 'బొమ్మలంటే మేమే'. తప్పుగా తిప్పిన అక్షరాన్ని చూసిన పిల్లవాడికి వినిపించేది 'బొమ్మలంటే మనమే'. వ్యాపారి 'మేము' అంటాడు, బాలుడు 'మనం' అని వింటాడు. ఆ గుర్తు బలమంతా ఈ రెండింటి మధ్య తేడా కనిపించకుండా చేయడంలో ఉంది. 1982లో వచ్చిన సంస్థ ప్రకటన గీతం ఈ పనిని పూర్తిచేసింది. అందులో పిల్లలు తమను ఆ దుకాణపు పిల్లలుగా చెప్పుకుంటారు, పెద్దవాళ్లం కాబోమంటారు. ఎదగకపోవడం గుర్తులో అక్షరానికి ఎలా లక్షణమో, గీతంలో పిల్లలకు అలా ఆదర్శమైంది.

3. కదలిక చేసే పని

నిశ్చలమైన గుర్తు దుకాణం ముందు బోర్డు. కదిలే గుర్తు పాత్ర. ఈ భేదాన్ని సంస్థ తొలినాళ్లలోనే గ్రహించింది. లాజరస్ తొలి దుకాణపు ప్రకటనల్లో 'డాక్టర్ జి. రాఫ్' అనే జిరాఫీ బొమ్మ ఉండేది. 1960ల్లో దానికి 'జెఫ్రీ' అనే మనిషి పేరు వచ్చింది. 1973 నుంచి టెలివిజన్ ప్రకటనల్లో కనిపించసాగింది. పేరు వచ్చాక దానికి స్వభావం, చలనం వచ్చాయి. కుటుంబం కూడా ఏర్పడింది.

పండుగ చిత్రాల సందర్భంలో ఈ చలనానికి ప్రాధాన్యం ఎక్కువ. ఆ చిత్రాల కథావస్తువే ప్రాణంలేనివి ప్రాణం పోసుకోవడం. మంచుమనిషి నడుస్తాడు, బొమ్మలు మాట్లాడతాయి. అటువంటి చిత్రానికి ముందు దుకాణం పేరులోని అక్షరాలు గెంతుతూ, దొర్లుతూ వచ్చి కుదురుకుంటే, అదే లోకం మొదలైందని పసివాడు భావించడంలో అసహజం లేదు. చిత్రం ఏ మాయను చూపుతుందో గుర్తు కూడా ఆ మాయనే చూపుతుంది. రెండింటికీ సరిహద్దు గీయగల తర్కం ఆ వయసుకు ఉండదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలు ప్రకటనలోని ప్రేరణోద్దేశాన్ని గుర్తించలేరని, అందుచేత వారిని లక్ష్యంగా చేసుకున్న ప్రకటనలను నియంత్రించాలని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం 2004లో సిఫారసు చేసింది.

4. కృతిపతి సంప్రదాయంతో పోలిక

కళకు ధనమిచ్చినవారి పేరు కళలోనే కనిపించడం కొత్త విషయం కాదు. తెలుగు ప్రబంధంలో అవతారిక కృతిపతి వంశాన్ని, వైభవాన్ని వర్ణిస్తుంది. షష్ఠ్యంతాలు కృతిని అతనికి సమర్పిస్తాయి. ప్రతి ఆశ్వాసం ఆదిలోను అంతంలోను కవి అతన్ని సంబోధిస్తాడు. కథ ఆగిన ప్రతిచోటా పోషకుడు కనిపించే ఈ పద్ధతికి, కార్యక్రమం ఆగిన ప్రతిచోటా ప్రాయోజకుడు కనిపించే టెలివిజన్ పద్ధతికి నిర్మాణంలో పోలిక ఉంది. పోషకుడు రాజే కానవసరం లేదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయ్య శెట్టి అనే వర్తకుడికి అంకితమిచ్చాడు. అవతారికలో అతని సముద్రవ్యాపారానికీ, సుగంధద్రవ్యాలకూ చోటు దక్కింది. కృతిని నరాంకితం చేయడానికి ఇష్టపడని పోతన మార్గమూ ఇదే సంప్రదాయంలో ఉంది. అంటే అంకితం అనేది కవి ఎంచుకునే విషయమని, అందులో విలువల ప్రశ్న ఉందని తెలుగు కవులకు తెలుసు.

అయితే రెండు భేదాలను గుర్తించాలి. మొదటిది, ప్రబంధం కృతిపతిని పేరు పెట్టి పిలుస్తుంది. అతను కథలోని పాత్రగా వేషం మార్చుకుని రాడు. నలుడో శివుడో వచ్చి తిప్పయ్య శెట్టి కర్పూరాన్ని మెచ్చుకోడు. రెండవది, ప్రబంధ శ్రోత కృతిపతి ఎవరో ఎరిగిన ప్రౌఢుడు. పండుగ చిత్రంలో ఈ రెండు నియమాలూ సడలాయి. ప్రాయోజకుడు పాత్ర వేషంలో వచ్చాడు. ఎదుట ఉన్నది పసివాడు.

5. దుకాణంలో పుట్టిన జింక

'రుడాల్ఫ్' కథ మూలమే దుకాణంలో ఉంది. షికాగోలోని మాంట్‌గొమరీ వార్డ్ సంస్థలో ప్రకటనలు రాసే రాబర్ట్ మే 1939లో ఈ కథను రచించాడు. క్రిస్మస్‌కు దుకాణానికి వచ్చే పిల్లలకు ఉచితంగా పంచడానికి సంస్థ ఆ పుస్తకాన్ని వేయించింది. ఆ ఏడాదే సుమారు 24 లక్షల ప్రతులు పంచింది. 1947లో హక్కులు రచయితకు దక్కాయి. 1948లో మాక్స్ ఫ్లైషర్ దర్శకత్వంలో వచ్చిన చిన్న యానిమేషన్ చిత్రానికీ ఆ దుకాణ సంస్థే పోషకురాలు. 1949లో జానీ మార్క్స్ పాటతో కథ దేశమంతా పాకింది.

1964 డిసెంబరు 6న ఎన్‌బీసీలో ప్రసారమైన రాంకిన్, బాస్‌ల బొమ్మల చిత్రానికి జనరల్ ఎలక్ట్రిక్ ప్రాయోజకత్వం వహించింది. బొమ్మలను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కొక్క చట్రంగా చిత్రీకరించే ఆ పని జపాన్‌లో తదాహితో మోచినాగ బృందం చేసింది. మొదటి ప్రసారంలో విరామ ప్రకటనలు కూడా అదే పద్ధతిలో తయారయ్యాయి. శాంటా దగ్గర పనిచేసే మరుగుజ్జులే సంస్థ గృహోపకరణాలను పరిచయం చేశారు. కథలోని పాత్ర విరామంలో అమ్మకందారుగా మారడమన్నది ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ చిత్రంలో విమర్శకు ఎక్కువగా పనికివచ్చే భాగం లోపమున్న బొమ్మల ద్వీపం. చతురస్రాకారపు చక్రాలున్న రైలు, జామ్ చిమ్మే నీటి తుపాకి, ఈదే పక్షి మొదలైనవి ఎవరికీ అక్కరలేక అక్కడ బతుకుతుంటాయి. తమను తీసుకువెళ్లమని శాంటాతో చెబుతానని రుడాల్ఫ్ మాట ఇస్తాడు. మొదటి ప్రసారంలో ఆ మాట నెరవేరినట్లు చూపలేదు. దీనిపై ప్రేక్షకులు అభ్యంతరం తెలుపుతూ ఉత్తరాలు రాశారు. 1965లో శాంటా ద్వీపానికి వెళ్లి ఆ బొమ్మలను తీసుకుపోయే ఘట్టాన్ని చేర్చారు. పసిప్రేక్షకుల న్యాయబుద్ధి ఒక పాఠాన్ని మార్చిన అరుదైన సందర్భం ఇది.

కాని ఆ న్యాయం ఏ రూపంలో జరిగిందో చూడాలి. బొమ్మలకు విముక్తి అంటే ఏదో ఒక ఇంటికి చేరడం, ఒకరి సొత్తు కావడం. రుడాల్ఫ్‌కు గౌరవం దక్కినదీ అతని ముక్కు మంచుతుపానులో దారిచూపడానికి పనికివచ్చినప్పుడే. అంతవరకు అది వెక్కిరింతకు కారణం. లోపాన్ని సమాజం లోపంగానే ప్రేమించలేదు; ఉపయోగపడ్డాక అంగీకరించింది. తిరగబడిన అక్షరం కథా ఇదే. పిల్లవాడి తప్పు బడిలో దిద్దవలసినది. దుకాణం మీద అమ్మకానికి పనికివచ్చేది. లోపమున్న బొమ్మలమీద జాలి, లోపమున్న అక్షరంమీద ముద్దు ఒకే భావం నుంచి పుడతాయి. అటువంటి చిత్రానికి ముందు అటువంటి గుర్తు నిలిస్తే గడప, ఇల్లు ఒకే మాట చెబుతాయి. చిత్రం గుర్తుకు లొంగిపోయిందనడం కన్నా, రెండూ ఒకే విలువల నుంచి పుట్టాయనడం సరైన నిర్ణయం.

6. చెరిపేసిన గుర్తు

'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' ఇందుకు భిన్నం. చార్ల్స్ షుల్ట్స్ రచన, బిల్ మెలెండెజ్ దర్శకత్వం, లీ మెండెల్సన్ నిర్మాణంలో 1965 డిసెంబరు 9న సీబీఎస్‌లో ఇది ప్రసారమైంది. పండుగ వ్యాపారంగా మారిపోయిందన్న బాధ దీని కథావస్తువు. కుక్క సైతం అలంకరణ పోటీ బహుమతి కోసం తన గూటిని దీపాలతో నింపుతుంది. చెల్లెలు శాంటాకు రాసే ఉత్తరంలో వీలైతే డబ్బే పంపమంటుంది. మెరిసే అల్యూమినియం చెట్ల మధ్య నుంచి చార్లీ ఒక బక్కచిక్కిన నిజమైన మొక్కను ఎంచుకుంటాడు. పండుగ అర్థమేమిటని అతను అడిగినప్పుడు లైనస్ లూకా సువార్తలోని క్రీస్తు జననఘట్టాన్ని చదివి వినిపిస్తాడు.

ఈ చిత్రానికి ప్రాయోజకులు కోకాకోలా. మొదటి ప్రసారంలో శీర్షికల ఘట్టంలోనే వారి గుర్తు ఉంది. మంచుమీద జారుతూ స్నూపీ దుప్పటి కొసతో ఇద్దరు పిల్లలను విసిరేస్తుంది. చార్లీ చెట్టుకు గుద్దుకుంటాడు. లైనస్ గాలిలో ఎగిరి కోకాకోలా పేరున్న బోర్డుకు గుద్దుకుంటాడు. తరువాతి ప్రసారాల్లోను వీడియోల్లోను ఆ బోర్డును తొలగించారు. లైనస్ చట్రంలోంచి ఎగిరిపోతాడు. ఎక్కడ పడ్డాడో కనిపించదు.

తొలగింపు వల్ల చిత్రం శుభ్రపడిందని చాలామంది భావించవచ్చు. కాని పాఠం దృష్ట్యా నష్టం జరిగింది. చిత్రం చివర సువార్త చదివే బాలుడే, చిత్రం మొదట వ్యాపార సంస్థ బోర్డుకు గుద్దుకుని పడ్డాడు. ప్రాయోజకుడి కోసం చేర్చిన ఘట్టమే అయినా, చిత్రంలో అంతకన్నా బలమైన వ్యంగ్యం లేదు. వ్యాపారాన్ని నిందించే కథ వ్యాపారి డబ్బుతోనే నిలిచిందన్న నిజాన్ని ఆ బోర్డు దాచకుండా చెప్పింది. దాన్ని తీసేశాక చిత్రం ఎవరికీ రుణపడనట్లు, ఆకాశం నుంచి ఊడిపడినట్లు కనిపిస్తుంది. ఎగిరిన బాలుడు ఎక్కడా దిగడు. ఆ ఖాళీ పాఠ్యంలోని గాయపు మచ్చ.

తెలుగు పరిష్కర్తలు ప్రబంధాలను ప్రకటించినప్పుడు, కృతిపతి వంశం అంతరించినా అవతారికను తొలగించలేదు. కవుల కాలం, పోషకుల చరిత్ర, వాణిజ్య చరిత్ర ఆ పద్యాల నుంచే తెలిశాయి. హరవిలాసం అవతారిక లేకపోతే మధ్యయుగాంధ్ర సముద్రవ్యాపారం గురించిన విలువైన సాక్ష్యం పోయి ఉండేది. పండుగ చిత్రాల పరిరక్షకులు కూడా ఈ దృష్టిని అలవరచుకోవలసి ఉంది.

7. క్యాసెట్: నియమం చేరని చోటు

అమెరికాలో పిల్లల కార్యక్రమాలకు, ప్రకటనలకు మధ్య స్పష్టమైన విభజన ఉండాలని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1974లో విధానప్రకటన చేసింది. కార్యక్రమంలోని పాత్రలే సరుకులు అమ్మడాన్ని కూడా తప్పుపట్టింది. ఆ దృష్టితో చూస్తే 1964 నాటి మరుగుజ్జుల ప్రకటనలు ప్రశ్నార్థకమవుతాయి. 1990 నాటి బాలల టెలివిజన్ చట్టం ప్రకటనల నిడివికి పరిమితి విధించింది: వారాంతాల్లో గంటకు పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో పన్నెండు నిమిషాలు.

ఈ నియమాలు ప్రసారానికి వర్తిస్తాయి. 1976లో జపాన్‌లో, 1977లో అమెరికాలో విడుదలైన వీహెచ్ఎస్ క్యాసెట్ ప్రసారం కాదు. అది కొన్న వస్తువు. 1987లో 'టాప్ గన్' క్యాసెట్ మొదట డైట్ పెప్సీ ప్రకటన చేర్చి, క్యాసెట్ ధరను 26.95 డాలర్లకు తగ్గించారు. పోషకుడు పెట్టిన డబ్బు ధరలో తగ్గింపు రూపంలో వచ్చింది. బదులుగా ఇంటి గడపమీద అతనికి స్థిరమైన చోటు దొరికింది. టెలివిజన్ ప్రకటన ఒక ఏడాదికి పాతబడి పోతుంది. క్యాసెట్ తలభాగంలోని గుర్తు ఆ టేపు అరిగేవరకు ప్రతి డిసెంబరులోను తిరిగి వస్తుంది. బొమ్మల దుకాణానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు: క్యాసెట్‌ను కొన్నదీ, చిత్రంలో చూసిన బొమ్మను మళ్లీ కొనవలసినదీ అదే దుకాణంలో.

ఇందుకు మరో పార్శ్వం కూడా ఉంది. ఇంట్లో కార్యక్రమాలను రికార్డు చేసుకుని తరువాత చూడటం న్యాయసమ్మతమేనని అమెరికా సుప్రీంకోర్టు 1984లో సోనీ, యూనివర్సల్ సంస్థల వ్యాజ్యంలో తీర్పునిచ్చింది. గృహస్థులు అలా రికార్డు చేసుకున్న టేపుల్లో చిత్రాలతోపాటు విరామ ప్రకటనలూ నిలిచిపోయాయి. అధికారిక వీడియోలు వదిలిపెట్టిన అవతారికలకు ఈ ఇంటి టేపులే తాళపత్ర ప్రతులు. పరిష్కర్త ప్రతులను సేకరించినట్లే పరిశోధకులు వీటిని సేకరించి పోల్చి చూడాలి.

8. దుకాణం పోయాక గుర్తు

2005లో మూడు పెట్టుబడి సంస్థలు సుమారు 660 కోట్ల డాలర్లకు టాయ్స్ ఆర్ అస్‌ను కొన్నాయి. ఆ కొనుగోలు అప్పు సంస్థమీదే పడింది. 2017 సెప్టెంబరులో సంస్థ దివాలా రక్షణ కోరింది. 2018 మార్చిలో లాజరస్ మరణించాడు. అదే ఏడాది జూన్‌లో అమెరికాలోని దుకాణాలు మూతపడ్డాయి. వేలమంది ఉద్యోగాలు పోయాయి. 'అస్' అన్న మాటలో ఆ ఉద్యోగులు 'మేము'గానో 'మనం'గానో ఉన్నారా అన్న ప్రశ్నకు ఆ ముగింపే జవాబు.

గుర్తు మాత్రం మరణించలేదు. కొత్త యజమానుల చేతికి వెళ్లి, 2022 నాటికి మేసీస్ దుకాణాల్లో ఒక మూలకు చేరింది. 2024 జూన్‌లో సోరా అనే కృత్రిమ మేధ సాధనంతో తయారైన ప్రచారచిత్రం కాన్ లయన్స్ వేడుకలో ప్రదర్శితమైంది. అందులో బాలుడైన లాజరస్ కలలో జెఫ్రీ ప్రత్యక్షమవుతుంది. చరిత్రలో ఇది తలకిందులైన కథనం. వాస్తవంలో తల్లిదండ్రులు బొమ్మలు అడిగారు, వ్యాపారి గిరాకీని గమనించాడు. చిత్రంలో గుర్తే ముందు పుట్టి మనిషికి దర్శనమిచ్చింది. కృతిపతిని కావ్యనాయకుడిగా, కావ్యకారణంగా మార్చేసిన అవతారిక ఇది. తరువాత చెప్పవలసిన కథ మిగలలేదు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ణయాలు తేలుతున్నాయి. వ్యాపార గుర్తు పండుగ చిత్రానికి బయటిది కాదు. పసిప్రేక్షకుడికి అది తొలి వాక్యం. గుర్తు ఉన్నంతమాత్రాన చిత్రం విలువ తగ్గదు; ఆ చిత్రం గుర్తుతో ఏకీభవించిందా, దాన్ని ఢీకొన్నదా అన్నదే విలువను నిర్ణయిస్తుంది. ఈ కొలతతో 'రుడాల్ఫ్' కన్నా 'చార్లీ బ్రౌన్' మేలైన రచన, అదీ బోర్డుతో కలిపి చూసినప్పుడు. మూడవది, గుర్తును తుడిచివేయడం నిష్పక్షపాతం కాదు, అది పాఠహరణం.

తెలుగులో బాలల కోసం కార్యక్రమాలు, యానిమేషన్ పాటలు విస్తృతంగా తయారవుతున్న కాలమిది. వాటి మొదట కదిలే గుర్తులకు కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది. ఇంగ్లీషు మాట దాచగలిగిన తేడాను తెలుగు దాచలేదు. తెలుగు పిల్లలతో మాట్లాడే ప్రతి సంస్థా 'మేము' అనాలో 'మనం' అనాలో తేల్చుకోక తప్పదు. ఆ సర్వనామాన్ని గమనించడంతోనే విమర్శ మొదలవుతుంది.